గురి కుదరని ఆట

కారంపూడిలో ఏటా కార్తీక మాసం చివర పల్నాటి వీరుల ఆరాధన ఉత్సవాలు జరుగుతాయి. ఐదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పన్నెండో శతాబ్దం చివర్లో జరిగిందని చెప్పుకునే ఒక పందేన్ని కోడిపోరు నాడు ఊరంతా మళ్ళీ గుర్తు చేసుకుంటుంది. మాచర్ల వైపు బ్రహ్మనాయుడు, గురజాల వైపు నాయకురాలు నాగమ్మ. ఆయన పుంజు చిట్టిమల్లు, ఆవిడ పుంజు శివంగి డేగ. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలి. మాచర్ల పక్షం ఓడింది, వెళ్ళిపోయింది. గడువు తీరాక రాజ్యం అడిగితే రాలేదు. రాయబారం వెళ్ళిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఆ తర్వాత కారంపూడి దగ్గర, నాగులేటి ఒడ్డున, యుద్ధం. చదవనివాళ్ళు కూడా 1966 సినిమాలో ఎన్టీఆర్‌నీ భానుమతినీ చూసి ఈ కథ తెలుసుకునే ఉంటారు.

కథ చెప్పే ప్రతివాళ్ళూ ఒక్క విషయం మీద కలుస్తారు. నాగమ్మ తొండి చేసింది. ఎలా చేసిందంటే మాత్రం ఎవరి మాట వాళ్ళదే. మంత్రమంటారు కొందరు, మందంటారు కొందరు. నాకు దీనిలో కొట్టొచ్చినట్టు కనిపించేది ఇంకోటి. అంత పెద్ద పందెంలో, రెండు పక్షాలూ ‘ఈయన చెప్తే సరే’ అనుకునే మూడో మనిషి కథలో ఎక్కడా కనపడడు. శ్రీనాథుడి పేరు మీదున్న పల్నాటి వీరచరిత్ర ఆ పందేనికి రెండు రెండున్నర శతాబ్దాల తర్వాతది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు దాన్ని అచ్చులోకి తెచ్చారు. అది ఏ పక్షాన నిలబడి చెప్తుందో పెద్దగా వెతకక్కర్లేదు. ఆడమనిషి మంత్రిగా ఉండి గెలిస్తే మనవాళ్ళు మొదట వెతికేది మాయనే అనే సంగతి సరేసరి. ఏతావాతా మన చేతిలో ఉన్నది ఓడినవాళ్ళు పెట్టిన రిపోర్టు. రీప్లే లేదు.

రిపోర్టు, రీప్లే అన్న మాటలు ఇక్కడ వాడటానికి కారణం, నేను రాయబోయేది ఆన్‌లైన్ షూటర్ ఆటల్లో తొండి గురించి. అందులోనూ గురి తొండి, అంటే ఎయిమ్‌బాట్. తెలుగులో ‘గురి’ అనే మాటకి రెండు పనులున్నాయి. బాణానికీ తుపాకీకీ ఉండేది గురి. ‘ఆ డాక్టరంటే మా అమ్మకి గురి’ అన్నప్పుడు నమ్మకం. పాతికేళ్ళు దాటిన ఈ ఆటల చరిత్రలో మొదటి గురిని ప్రోగ్రాములు దొంగిలిస్తూ వచ్చాయి. రెండోదాన్ని ఎలా నిలబెట్టుకోవాలన్నదే అప్పట్నుంచీ గొడవ.

దొంగతనం ఎలా జరుగుతుందో ముందు చెప్తాను. కౌంటర్‌స్ట్రైక్ లాంటి ఆటలో నా తెర మీద ఎదుటివాడి బొమ్మ గీయాలంటే, వాడు మ్యాపులో ఎక్కడున్నాడో నా కంప్యూటర్‌కి తెలియాలి. సర్వర్ ఆ మూడు అంకెలూ పంపుతుంది. అవి నా మెమరీలో కూర్చుంటాయి. నేను ఎక్కడున్నానో, ఎటు చూస్తున్నానో కూడా అక్కడే ఉంటుంది. రెండు బిందువులు తెలిస్తే ఒకదాన్నుంచి రెండోదాని వైపు ఎంత కోణం తిరగాలో లెక్కగట్టడం ఇంటర్ ఫస్టియర్ ట్రిగనామెట్రీ. ఎయిమ్‌బాట్ చేసేది అంతే. మెమరీ చదువుతుంది, కోణం కడుతుంది, మౌస్ అంత కదిలిందని ఆటకి చెప్తుంది. కంటికి కనపడింది చేతికి చేరడానికే మనిషికి సెకనులో ఐదో వంతు పడుతుంది. దీనికి ఒక్క ఫ్రేము చాలు. దీనికి తోబుట్టువులున్నాయి. గురి మనదే, కాల్చే క్లిక్కు మాత్రం తను నొక్కేది ట్రిగర్‌బాట్. గోడ వెనకున్నవాణ్ణి చూపించేది వాల్‌హ్యాక్.

1996లో వచ్చిన క్వేక్ ఇంటర్నెట్ మీద ముఖాముఖి కాల్చుకునే అలవాటుని ప్రపంచానికి అంటించింది. తొలినాటి ఎయిమ్‌బాట్లు దాని చుట్టూనే పెరిగాయి. వాటిలో కొన్ని ఆటగాడికీ సర్వర్‌కీ మధ్య దళారీలా కూర్చునేవి. ఆటగాడు కాల్చగానే కోణం దిద్ది ముందుకు పంపేవి. 1999 డిసెంబరులో జాన్ కార్మాక్ క్వేక్ సోర్స్ కోడ్‌ని బయటపెట్టాక ఎవరికి కావలసిన క్లయింటు వాళ్ళు కట్టుకునే వీలొచ్చింది. తొండి పెరిగింది. ఓపెన్ సోర్స్ పక్షాన మాట్లాడే ఎరిక్ రేమండ్ అప్పుడే దీని మీద ఒక వ్యాసం రాశాడు. ఆయన వాదన క్లుప్తంగా: కోడ్ తెరవడం వల్ల వచ్చిన జబ్బు కాదిది, ఆటగాడికి తెలియకూడనివి కూడా క్లయింటుకి పంపేసి, కోడ్ మూసి ఉందిగా అని ధైర్యంగా ఉండటమే జబ్బు.

వాల్‌హ్యాక్ వరకూ ఆయన మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. గోడ వెనకవాడి స్థానం అసలు పంపకపోతే దొంగిలించడానికేమీ ఉండదు. ఇవాళ వాలరెంట్ వీలైనంత వరకూ అలాగే చేస్తుంది. కానీ గురి దగ్గర ఈ మందు పనిచేయదు. నా ఎదురుగా నిలబడ్డవాణ్ణి నాకు చూపించకుండా వాడితో నన్ను ఆడించలేరు. తెర మీద కనపడ్డవాడు ఎక్కడున్నాడన్నది రహస్యమే కాదు. కాబట్టి గురి తొండిని డిజైన్‌తో ఆపలేం. పట్టుకోవాల్సిందే.

పట్టుకోవడం ఒకప్పుడు చాలా తేలిక. రెండువేల దశకం మధ్యలో గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట అడ్డరోడ్లలో నెట్ సెంటర్లుండేవి. ఎంసెట్ కోచింగ్‌కి ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలం ప్లైవుడ్ గదుల్లో కౌంటర్‌స్ట్రైక్ 1.6 ఆడేవాళ్ళం. డస్ట్ 2 మ్యాపు తప్ప ఇంకోటి పెడితే ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. అది లాన్ ఆట. ఎదుటి జట్టు ఇంటర్నెట్‌లో ఎక్కడో కాదు, వెనక వరసలోనే ఉండేది. వాళ్ళ అరుపులు హెడ్‌ఫోన్లలోంచి కాకుండా నేరుగా చెవిలో పడేవి. ఆ రోజుల్లో తొండి అంటే పక్కవాడి తెరలోకి తొంగి చూడటం. ఎవడైనా మరీ వరసపెట్టి తలకాయలు కొడుతుంటే అప్పటికే చచ్చిపోయి ఖాళీగా ఉన్నవాడు లేచి వెళ్ళి వాడి కుర్చీ వెనక నిలబడేవాడు. ఒక్క రౌండు చూస్తే చాలు. ‘లేదన్నా, వీడు నిజంగానే కొడుతున్నాడు’ అని వాడంటే గొడవ అయిపోయేది. వాడి మీద అందరికీ గురి, ఎందుకంటే వాడు మనలో ఒకడు, రేపు మళ్ళీ వస్తాడు.

ఆట నెట్ సెంటర్ దాటి ఇంటర్నెట్‌లోకి వెళ్ళాక పోయింది ఈ కుర్చీ వెనక మనిషి. ఆ తర్వాత యాంటీచీట్ పేరుతో వచ్చిన ప్రతి పద్ధతీ వాణ్ణి ఏదో ఒక వేషంలో తిరిగి తెచ్చే ప్రయత్నమే అని నా అభిప్రాయం.

మొదటి వేషం తనిఖీ అధికారిది. 2000 సెప్టెంబరులో హాఫ్‌లైఫ్ కోసం పంక్‌బస్టర్ బీటా వచ్చింది. 2002లో వాల్వ్ సంస్థ తన సొంత వ్యాక్‌ని కౌంటర్‌స్ట్రైక్‌లో పెట్టింది. ఇవి ఆటగాడి మెమరీలో తిరుగుతూ, తమ జాబితాలో ఉన్న హ్యాక్ ప్రోగ్రాముల ఆనవాళ్ళు వెతుకుతాయి. మా వైపు పత్తి రైతుకి దీని లోపం విడమర్చి చెప్పక్కర్లేదు. ప్యాకెట్ మీద లేబులు చూసి నకిలీ విత్తనం పట్టుకునే పద్ధతి ఇది. అమ్మేవాడు లేబులు మార్చాడంటే అయిపోయింది. హ్యాక్ రాసేవాడు కోడ్‌ని కాస్త అటూ ఇటూ చేసి మళ్ళీ కంపైల్ చేస్తే అది కొత్త విత్తనం. నకిలీదని చేలో తెలుస్తుంది, నిజమే, కానీ అప్పటికి సీజన్ పోతుంది.

వాల్వ్ దీనికి ఒక పల్నాటి తెలివి చూపించింది. దొరికినవాణ్ణి దొరికిన రోజే నిషేధించకుండా, కొన్నాళ్ళు ఆగి, చాలామందిని ఒక్కసారే నరకడం. ఏ ప్రోగ్రాములోని ఏ ముక్క పట్టించిందో అమ్మినవాడికి తెలియకూడదని. 2014 నవంబరులో స్వీడన్‌లో డ్రీమ్‌హ్యాక్ టోర్నీ ఇంకో వారం ఉందనగా ఇలాంటి ఒక అల వచ్చి పెద్ద జట్ల ఆటగాళ్ళనే కొట్టుకుపోయింది. టైటన్ జట్టులో కేక్యూఎల్‌వై పేరుతో ఆడే ఫ్రెంచ్ ఆటగాడు వాళ్ళలో ఒకడు. నెట్ సెంటర్లలో మేం దేవుళ్ళలా చూసిన స్థాయి మనుషులు వాళ్ళు. ఆ రోజు తర్వాత ఎవరి అద్భుతమైన షాట్ చూసినా మొదట మెచ్చుకోలు రావడం మానేసింది. అనుమానం ముందు వస్తోంది. ఎయిమ్‌బాట్ చేసిన నష్టాల్లో నా దృష్టిలో ఇదే పెద్దది.

ఈలోగా హ్యాక్‌లు మనిషిని నేర్చుకున్నాయి. ఒక్క ఫ్రేములో గురి తిప్పితే దొరికిపోతారు. అందుకని నెమ్మదిగా తిప్పడం, కాస్త వంకర కలపడం, అప్పుడప్పుడూ కావాలని తప్పించడం మొదలుపెట్టాయి. మనిషి చేతి కదలికకి ఒక రూపం ఉంటుంది. 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వవేత్త దీన్ని సూత్రంగా రాశాడు: లక్ష్యం ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే, చేతికి అంత ఎక్కువ సమయం కావాలి. చేయి ముందు విసురుగా వెళ్తుంది, కొంచెం దాటిపోతుందో తక్కువ పడుతుందో, తర్వాత దిద్దుకుంటుంది. ఆ దిద్దుబాటే మనిషి సంతకం. దాన్ని ఫోర్జరీ చేయడం హ్యాక్ రాసేవాడి పని. పట్టుకోవడం అవతలివాడి పని.

ఈ చదువు ఎవరు చదవాలి? 2013లో వాల్వ్ ఆ పనిని ఆటగాళ్ళకే అప్పజెప్పింది. ఓవర్‌వాచ్ అని పేరు పెట్టారు (అదే పేరుతో తర్వాత వచ్చిన ఆటతో దీనికి సంబంధం లేదు). అనుభవం ఉన్న ఆటగాళ్ళకి అనుమానితుడి పేరు దాచి, కొన్ని రౌండ్ల రీప్లే చూపించేవారు. వాళ్ళు తీర్పు చెప్పేవారు. కుర్చీ వెనక మనిషి తిరిగొచ్చాడు, కాకపోతే వాడెవడో మనకి తెలియదు, మనమెవరో వాడికి తెలియదు. తర్వాత ఆ తీర్పుల మీదే ఒక డీప్ లెర్నింగ్ నమూనాకి శిక్షణ ఇచ్చారు. వ్యాక్‌నెట్. ప్రతి కాల్పుకీ ముందూ వెనకా సెకనులో కొంత భాగం చూపు ఎలా తిరిగిందో అదే దాని తిండి. 2018లో ఒక సదస్సులో వాల్వ్ ఇంజనీరు జాన్ మెక్‌డొనాల్డ్ చెప్పిన అంకెలు నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా పట్టుకున్నవి. ఆటగాళ్ళు రిపోర్టు చేసిన కేసుల్లో జ్యూరీ నేరం నిజమని తేల్చినవి 15 నుంచి 30 శాతం. యంత్రం పంపిన కేసుల్లో 80 నుంచి 95 శాతం.

మొదటి అంకె దగ్గర కాస్త ఆగాలి. ‘వీడు తొండి చేస్తున్నాడు’ అని ఓడినవాడు అన్నప్పుడు, పదింటిలో ఏడెనిమిది సార్లు ఆ మాట నిలబడలేదు. వాళ్ళంతా అబద్ధమాడారని కాదు. ఓడిపోతున్నప్పుడు మనకి అలాగే కనపడుతుంది. నాగమ్మ మీద ఫిర్యాదు చదివినప్పుడల్లా నాకు ఈ అంకె గుర్తొస్తుంది. అంకెతో ఆవిడ నిర్దోషి అయిపోదు, పదింటిలో రెండు మూడు నిజాలు కూడా ఉన్నాయి కదా.

యంత్రం అంకె చూసి మురిసిపోనూ అక్కర్లేదు. ఒక లెక్క వేద్దాం, ఊహే. లక్షమంది ఆడుతున్నారు, వాళ్ళలో వెయ్యిమంది తొండివాళ్ళు. మన యంత్రం ఎటు చూసినా నూటికి తొంభైతొమ్మిది సార్లు కరెక్టు. వెయ్యిలో 990 మందిని పట్టుకుంటుంది, శభాష్. మిగిలిన 99,000 మంది మంచివాళ్ళలో నూటికొకరు చొప్పున మరో 990 మందిని కూడా పట్టుకుంటుంది. అంటే పట్టుబడినవాళ్ళలో సరిగ్గా సగం మంది ఏ పాపం ఎరగరు. వాల్వ్ తన యంత్రాన్ని తీర్పు చెప్పనివ్వకుండా మనుషుల జ్యూరీకి కేసులు పంపే గుమాస్తాగా పెట్టింది అందుకే.

తప్పులు ఊహల్లోనే జరగలేదు. 2010 జులైలో మోడరన్ వార్‌ఫేర్ 2 ఆడుతున్న సుమారు 12,000 మందిని వ్యాక్ పొరపాటున నిషేధించింది. తర్వాత క్షమాపణ చెప్పి, నిషేధం ఎత్తేసి, అందరికీ ఇంకో ఆట ఉచితంగా ఇచ్చారు. 2023 అక్టోబరులో ఏఎండీ సంస్థ గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఆలస్యాన్ని తగ్గించే ఒక సదుపాయం తెచ్చింది. అది ఆట కోడ్‌లోకి చేయి పెట్టి పనిచేసేది. హ్యాక్‌లు చేసేదీ అదే. అది ఆన్ చేసుకున్న కౌంటర్‌స్ట్రైక్ 2 ఆటగాళ్ళ మీద నిషేధాలు పడ్డాయి, ఏఎండీ దాన్ని వెనక్కి తీసుకుంది. పెద్ద కంపెనీ చేస్తే సదుపాయం, కుర్రాడు చేస్తే హ్యాక్. యంత్రానికి ఆ తేడా కనపడలేదు, నిజానికి కనపడటానికి ఏముందని?

ఇదే ప్రశ్న ఫోన్ దగ్గర ఇంకా చిక్కబడుతుంది. మా పల్నాడు, ప్రకాశం ఊళ్ళలో ఎక్కువమంది షూటర్ ఆట ముఖం చూసింది కంప్యూటర్ మీద కాదు. 2016లో జియో వచ్చింది, 2018లో పబ్జీ మొబైల్. మిర్చి కోతలయ్యాక కల్లం దగ్గర కాయ కాపలాకి పడుకున్న కుర్రాళ్ళు కూడా స్క్వాడ్ కట్టి ఆడినవాళ్ళే. 2020 సెప్టెంబరు 2న కేంద్రం దాన్ని నిషేధించింది, మరుసటేడు బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది, 2022 జులైలో మళ్ళీ ఆపారు, 2023లో మళ్ళీ వదిలారు. ఈ ఆట సెట్టింగుల్లో ఎయిమ్ అసిస్ట్ అని ఒకటుంది. బొటనవేలితో గురి చూడటం కష్టం కాబట్టి, శత్రువు దగ్గరికొచ్చినప్పుడు గురిని ఆటే కాస్త అతని వైపు లాగుతుంది. ఇదేమిటి మరి? కంపెనీ వాళ్ళే, అందరికీ సమానంగా, చిటికెడు ఎయిమ్‌బాట్ పంచిపెట్టడం. ఫోన్‌లోపల తొండికీ సదుపాయానికీ మధ్య గీత ట్రిగనామెట్రీలో ఉండదు, నిబంధనలో ఉంటుంది. టాబ్లెట్ మీద ఆడేవాడికి వెడల్పు ఎక్కువ కనపడుతుందని చిన్న ఫోన్‌వాళ్ళు చేసే ఫిర్యాదు కూడా ఈ కోవలోదే, పైగా అది డబ్బున్న ఇంటి సదుపాయం.

మన దగ్గర కోర్టులూ చట్టాలూ ఆటల గురించి చాలానే మాట్లాడాయి, కానీ ఈ వైపు కాదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడిన కేసులో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ, 1967లో సుప్రీంకోర్టు రమ్మీ నైపుణ్యం ఉన్న ఆటే అంది. పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టుకోవాలో ఏది వదలాలో తెలియాలి అని కారణం చెప్పింది. యాభై ఏళ్ళ తర్వాత 2020లో ఏపీ సర్కారు ఆన్‌లైన్ రమ్మీనీ పోకర్‌నీ ఆపింది. 2025లో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌కి గుర్తింపునిస్తూ చట్టం చేసింది. ఈ వాదనలన్నీ డబ్బు చుట్టూ, అదృష్టమా నైపుణ్యమా అన్న ప్రశ్న చుట్టూ. ఆ నైపుణ్యం ఆడేవాడిదేనా అన్న ప్రశ్న 1967లో ఎవరికీ తట్టక్కర్లేదు, ముక్కలు చేతిలోనే ఉన్నాయి కాబట్టి. దక్షిణ కొరియా మాత్రం 2016లోనే హ్యాక్‌లు తయారుచేసి పంచేవాళ్ళకి జైలు పడేలా చట్టం మార్చుకుంది.

భారతదేశం పేరు ఈ చరిత్రలో గట్టిగా వినపడింది 2018 అక్టోబరులో. షాంఘైలో ఎక్స్‌ట్రీమ్స్‌ల్యాండ్ టోర్నీ. ఆప్టిక్ ఇండియా జట్టు ఒక వియత్నాం జట్టుతో ఆడుతోంది. ఫర్‌సేకెన్ అనే పేరుతో ఆడే నిఖిల్ కుమావత్ మీద నిర్వాహకులకి అనుమానమొచ్చింది. అంతకుముందే ఒకసారి నిషేధం పడ్డవాడు. నిర్వాహకుడొకరు అతని సీటు దగ్గరికి వచ్చి కంప్యూటర్ చూపించమన్నాడు. అతను గబగబా దేన్నో మూసేయబోవడం, చేతులు అడ్డం పెట్టబోవడం వీడియోలో కనపడుతుంది. లోపల దొరికిన ఎయిమ్‌బాట్ ఫైలు పేరు వర్డ్.ఈఎక్స్‌ఈ. ఏదో ఆఫీసు ఫైలనుకుంటారని పెట్టిన పేరు! జట్టుని అక్కడికక్కడే తప్పించారు. అతనికి ఐదేళ్ళ నిషేధం పడింది, సంస్థ భారత జట్టునే ఎత్తేసింది. నవ్వులు చాలా నవ్వారు, ఆ ఫైలు పేరు మీద. మిగిలిన నలుగురి గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు. మాకు తెలియదన్నారు వాళ్ళు. ఇళ్ళల్లో ఎంత పోట్లాడి ఈ ఆటని ఉద్యోగం చేసుకుని ఉంటారో మన దేశంలో పెరిగిన ఎవరికైనా తెలుసు. ఒక్క మధ్యాహ్నంలో ఆ ఉద్యోగం పోయింది.

ఇన్ని యంత్రాలుండగా ఆ రోజు పట్టుకున్నది ఎవరు? కుర్చీ వెనకకి నడిచి వచ్చిన మనిషి.

యంత్రాలు అక్కడితో ఆగలేదు. 2020లో వాలరెంట్‌తో పాటు రయట్ సంస్థ వ్యాన్‌గార్డ్ తెచ్చింది. విండోస్ మొదలైనప్పుడే అదీ మొదలవుతుంది, ఆడుతున్నా ఆడకపోయినా కెర్నల్‌లో కూర్చుని చూస్తుంటుంది. కుర్చీ వెనక నిలబడమంటే ఇంట్లో కాపురం పెట్టినట్టుంది అని నాలాంటి ఇంజనీర్లు సణుగుతాం, ఆటగాళ్ళు మాత్రం తొండి తగ్గితే చాలంటారు. వాళ్ళ మాటని కొట్టిపారేయలేను. నిషేధం కూడా ఇప్పుడు ఖాతాతో ఆగట్లేదు, యంత్రానికే పడుతుంది. ఇంటికో కంప్యూటరున్న దేశానికి అది సరిపోతుందేమో. గంటకింత అని కట్టి ఆడుకునే నెట్ సెంటర్ యంత్రానికి పడితే, పొద్దున ఎవడో చేసినదానికి సాయంత్రం ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఎవరితో చెప్పుకోవాలి?

అవతలివాళ్ళూ ఊరుకోలేదు. ఇప్పుడు కొన్ని హ్యాక్‌లు ఆట ఉన్న కంప్యూటర్‌లో అసలు ఉండవు. తెర మీది బొమ్మని రెండో కంప్యూటర్‌కి పంపి, అక్కడ మనిషి ఆకారాన్ని గుర్తుపట్టి, మౌస్‌లా నటించే ఒక చిన్న పరికరం ద్వారా కదలికని వెనక్కి పంపుతారు. మెమరీ తాకరు కాబట్టి కెర్నల్‌లో కూర్చున్న కాపలావాడికి కనపడేది మామూలు మౌస్. ఇక చూడగలిగింది చేతి కదలిక ఒక్కటే, దాన్నీ నిజం మనుషుల రీప్లేలు చూసి నేర్చుకుంటున్నారు.

అందుకే పెద్ద బహుమతులున్న టోర్నీలు ఆఖరి రౌండ్లని ఒక హాల్లోనే పెడతాయి. ఆన్‌లైన్‌లో ఎంత ఆడి వచ్చినా అక్కడ నిర్వాహకులిచ్చిన యంత్రం మీద ఆడాల్సిందే. చిన్న టోర్నీలకి అంత డబ్బుండదు. ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టుల్లో బీజీఎంఐ పోటీ పెట్టినప్పుడు కుర్రాళ్ళు ఎవరి ఫోన్లు వాళ్ళే తెచ్చుకుంటారు. సెమినార్ హాల్లో బెంచీల మీద వరసగా కూర్చోబెడతారు. మూడో సంవత్సరం కుర్రాడొకడు మెళ్ళో వాలంటీర్ కార్డు వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ వరసల వెనక అటూ ఇటూ తిరుగుతుంటాడు.